పెరట్లో చెట్లు, ఇంట్లో చిన్నపిల్లలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వేరే దేశానికి వచ్చి రెండు నెలలైంది. అద్దె ఇల్లు, వెనక చిన్న పెరడు. అందులో అరచేయిలా చీలిన ఆకుల పెద్ద చెట్టు ఒకటి, సూదుల్లాంటి ఆకులది ఒకటి ఉన్నాయి. పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఏడు. చెట్ల గురించి ఇంట్లోనే నేర్పాలని ఉంది కానీ పేర్లు నాకే తెలియవు. ఏ పుస్తకం కొనాలి? ఏ పరికరాలు కావాలి? ఆకులన్నీ రాలిపోతున్నాయి, వసంతం దాకా ఆగాలా?

జవాబు 1

ఆగకండమ్మా. ఆకులు రాలాకే కొమ్మ బాగా కనిపిస్తుంది, చదవాల్సింది కొమ్మనే. పిల్లలకి అందే ఎత్తులో ఒక కొమ్మ ఎంచుకుని రంగు ఊలు దారం వదులుగా కట్టండి. ఏడాది పొడవునా అదే కొమ్మ చూడండి. పది చెట్లు ఒక్కోసారి చూసేకన్నా ఒక కొమ్మని ఇరవై సార్లు చూడటం మేలు.

కొమ్మ చివర మొగ్గ ఉంటుంది. అక్కణ్ణుంచి మొదలువైపు వేలితో జరుపుకుంటూ వస్తే ఒకచోట సన్నటి గీతలు ఉంగరాల్లా, ఒకదాన్నొకటి ఆనుకుని తగులుతాయి. కిందటి చలికాలంలో అక్కడే చివరి మొగ్గ ఉండేది. వసంతంలో దాని పొలుసులు రాలిన మచ్చలే ఆ ఉంగరాలు. మొగ్గ నుంచి ఉంగరాల దాకా ఈ ఏటి పెరుగుదల, అక్కణ్ణుంచి తర్వాతి ఉంగరాల దాకా నిరుటిది. మేపుల్, బీచ్, హార్స్ చెస్ట్‌నట్ కొమ్మల మీద నాలుగైదేళ్ళు సులువుగా లెక్కపెట్టవచ్చు. ఆ తర్వాత బెరడు ముదిరి చెరిగిపోతాయి. మీ పాప పుట్టిన ఏడాది కొమ్మ ఎక్కడిదాకా ఉందో తనకే చూపించవచ్చు. ఎండ తగిలే కొమ్మ ఏడాదికి జానెడు పెరిగితే, నీడలోది గోరంత పెరిగి ఉంటుంది. ఎందుకలా అని బాబే అడుగుతాడు. మీరు ముందే చెప్పేయకండి.

పుస్తకం ఇప్పుడే వద్దు. ఒక భూతద్దం, గీతల్లేని నోటుపుస్తకం, దారం, తెల్లటి ట్రే చాలు. పది రెట్లు పెద్దది చేసే చిన్న అద్దం నాలుగేళ్ళ పిల్లకి పట్టుబడదు. తనకి మూడు నుంచి ఐదు రెట్లది, వెడల్పుగా ఉన్నది ఇవ్వండి. పెద్దవాడికి అద్దాన్ని కంటికి దగ్గరగా ఆనించి, కొమ్మనే అద్దం దగ్గరికి తేవడం నేర్పండి. పిల్లలందరూ మొదట తిరగేసి చేస్తారు.

జవాబు 2

అక్కయ్యగారు చెప్పింది నిజమే. అయినా పేరు తెలియకుండా ఎంతకాలం? ఏడేళ్ళవాడు మొదట అడిగేదే పేరు. ఫోన్‌లో ఫొటో తీసి పేరు చెప్పించుకుంటే వాడు చెట్టు చూడడు, ఫోన్ చూస్తాడు. పరీక్ష చేతులతో చేయించండి.

అరచేయి ఆకు అనగానే మేపుల్ అనుకోకండి. ఆకులు, మొగ్గలు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా ఉంటే మేపుల్. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చిమార్చి ఉంటే ప్లేన్ చెట్టో, స్వీట్‌గమ్మో కావచ్చు. స్వీట్‌గమ్ ఆకు నక్షత్రంలా ఉంటుంది, కింద ముళ్ళ బంతుల్లాంటి కాయలు పడి ఉంటాయి. ప్లేన్‌కి బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద లేత రంగు మచ్చలు కనిపిస్తాయి. ప్లేన్‌కి ఇంకో ఖాయమైన గుర్తు ఉంది. ఆకు తొడిమ మొదలు గుల్లగా ఉండి, టోపీలా మొగ్గని కప్పేస్తుంది. రాలిన ఆకు తొడిమ తిరగేసి చూస్తే ఆ గుంట కనిపిస్తుంది. ఇక మేపులే అయితే, ఆకు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ విరవండి. పాలు కారితే నార్వే మేపుల్ కావచ్చు.

సూదుల చెట్టుకి ఒక సూది పీకి వేళ్ళ మధ్య దొర్లించండి. సూదులు రెండో మూడో ఐదో ఒక కట్టగా వస్తే పైన్. ఒక్కొక్కటిగా ఉండి వేళ్ళ మధ్య దొర్లితే స్ప్రూస్, దానికి నాలుగు పలకలు. చదునుగా ఉండి దొర్లకపోతే ఫర్ కావచ్చు. స్ప్రూస్ సూదులు రాలినచోట చిన్న మేకుల్లాంటి బొడిపెలు మిగిలి కొమ్మ గరగరలాడుతుంది. ఫర్ కొమ్మ నున్నగా, గుండ్రటి మచ్చలతో ఉంటుంది.

కానీ దానికన్నా ముందు అది యూ చెట్టు కాదని చూసుకోండి. సూదులు మెత్తగా, చదునుగా ఉంటాయి, గింజ చుట్టూ ఎర్రటి మెత్తటి గిన్నెలాంటి గుజ్జు ఉంటుంది. ఆ గుజ్జు తప్ప ఆకు, గింజ, బెరడు అన్నీ విషమే. నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో మొదటి పాఠం ఇదే: పెరట్లో ఏదీ నోట్లో పెట్టకూడదు.

జవాబు 3

చిన్న సవరణ. అమెరికాలో ఈ ప్లేన్‌నే సికమోర్ అంటారు. ఇరుగుపొరుగు ఆ మాటే వాడితే కంగారుపడకండి.

జవాబు 4

అన్నగారూ, బ్రిటన్‌లో సికమోర్ అంటే మేపుల్ జాతి! మొగ్గలు ఎదురెదురుగానే ఉంటాయి. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త దానికి ఏసర్ సూడోప్లాటనస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ప్లేన్‌లా కనిపించే మేపుల్ అని అర్థం. వాడుక పేరు ఊరు మారితే మారుతుంది, మొగ్గ మారదు. ప్రశ్న అడిగినవారు ఏ దేశమో చెప్పలేదు కాబట్టి మొగ్గనే నమ్మండి.

జవాబు 5

అద్దె ఇల్లు అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. మా వీధిలో ఒక కుటుంబానికి జరిగింది చెప్తాను, జాగ్రత్తపడతారు. వాళ్ళు పిల్లల కోసం పెరటి చెట్టుకి పేరు బోర్డు మేకులతో కొట్టారు, ఉయ్యాల తాడు మాను చుట్టూ బిగించి కట్టారు. రెండేళ్ళకి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమాని వచ్చి చూస్తే, తాడు బెరడులోకి దిగి చుట్టూ గాడి పడింది, పైన కొమ్మలు ఎండుతున్నాయి. చెట్టు కొట్టించే ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకున్నాడు. ఒప్పందంలో చెట్లకి నష్టం గురించి వాక్యం ఉంది. వీళ్ళు చదవలేదు. దిగేటప్పుడు తీసుకున్న ఫొటోలూ లేవు. నాలుగు నెలలు ఉత్తరాలు రాసినా పైసా వెనక్కి రాలేదు.

యజమాని కోపం సంగతలా ఉంచి, చెట్టు ఎందుకు చచ్చిందో పిల్లలకి చెప్పాలి. ఆకులు చేసిన ఆహారం బెరడు లోపలి పొరలోంచే వేళ్ళకి దిగుతుంది. దాని కిందే, మాను లావయ్యే పలుచటి పొర ఉంది. తాడు చుట్టూ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది, వేళ్ళు పస్తుంటాయి. బర్చ్ బెరడు కాగితంలా ఊడుతుంది కదా అని చుట్టూ ఒలిచినా అదే ప్రమాదం.

కాబట్టి కింద పడినవి మీవి. చెట్టు మీదున్నదేదైనా యజమానికి ఒక ఈమెయిల్ రాసి అడిగాకే. మేకు, గట్టి తాడు, బెరడు ఒలవడం, వేళ్ళ దగ్గర తవ్వడం అసలొద్దు. పైన చెప్పిన ఊలు దారం కూడా ప్రతి వసంతం విప్పి మళ్ళీ కట్టండి.

జవాబు 6

అన్నయ్యా, మరీ భయపెట్టకండి. అనుమతి ఉంటే పెన్సిలంత కొమ్మలు రెండు కోస్తే పెద్ద చెట్టుకి ఏమీ కాదు, పిల్లలకి మాత్రం చలికాలంలోనే వసంతం చూపించవచ్చు. చలి బాగా పడ్డాక, అంటే చలికాలం చివర్లో, మూరెడు కొమ్మని పదునైన కత్తెరతో ఏటవాలుగా కోసి నీళ్ళ సీసాలో పెట్టండి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఉంచండి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి, లేకపోతే అడుగు జిగురుపట్టి కొమ్మ నీళ్ళు తాగదు. విల్లో, చెర్రీ, ఫార్సిథియా అయితే రెండు మూడు వారాల్లో విచ్చుకుంటాయి. చలికాలం మొదట్లోనే కోస్తే చాలా చెట్ల మొగ్గలు విచ్చుకోవు, వాటికి కొన్ని వారాల చలి పడి తీరాలి. ఇక్కడే చాలామంది విసిగి మానేస్తారు.

రాలిన ఆకులతో ఇప్పుడే చేయగలది అచ్చు తీయడం. ఈనెలు పైకి వచ్చేలా ఆకుని బోర్లా పెట్టి, పలుచటి కాగితం పరిచి, మైనపు క్రేయాన్ కాగితం ఒలిచి పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే కాగితం చిరుగుతుంది. ఎండిన ఆకు పొడైపోతుంది, కాస్త మెత్తగా ఉన్నదే తీసుకోండి.

పైన్ కాయని నీళ్ళ గిన్నెలో ముంచి పెట్టండి. పొలుసులు తడిసి మూసుకుంటాయి, గంటలోపే తేడా తెలుస్తుంది. తీసి ఆరబెడితే ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ విచ్చుకుంటాయి. ప్రాణంలేని కాయ ఎలా కదిలిందని పిల్లలు తప్పక అడుగుతారు. పొలుసు లోపలివైపు కన్నా బయటివైపు తడికి ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే లోపలికి వంగుతుంది. వానలో తడిసి గింజలు తల్లిచెట్టు కిందే రాలకుండా, పొడిరోజున గాలికి దూరంగా ఎగిరేందుకు ఆ ఏర్పాటు.

జవాబు 7

కొలతలు మరిచారు. మాను చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలి. నేల వాలుగా ఉంటే ఎగువవైపు నుంచి ఎత్తు కొలవండి. దారం చుట్టి, తీసి, నేలమీద టేపు పక్కన పరిస్తే ఏడేళ్ళవాడే చదువుతాడు. చుట్టుకొలత 94 సెంటీమీటర్లుంటే, 3.14తో భాగిస్తే అడ్డుకొలత సుమారు 30.

జవాబు 3 రాసినవారే

అమెరికాలో నాలుగున్నర అడుగుల ఎత్తున కొలుస్తారు, అంటే 1.37 మీటర్లు.

జవాబు 7 రాసినవారే

ఏదైనా సరే, ప్రతి ఏడాదీ అదే ఎత్తు ఉండాలి. కంచె మీద సుద్దతో గీత పెడితే చెరిగిపోతుంది, నోటుపుస్తకంలో రాసుకోండి.

ఇంకో మాట. ఉత్తర అమెరికాలో ఉంటే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగ చూసుకోండి. ఆకు రాలినా వట్టి తీగ ముట్టుకుంటే చాలు, దద్దుర్లు వస్తాయి. గడ్డిలో, పొదల్లో తిరిగొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక పిడుదులు వెతకండి. కరిచి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి తిన్నగా పైకి లాగాలి. మెలిపెట్టకూడదు, నూనె పోయకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రమే చూశాం. పెద్ద చెట్టు మొగ్గలు ఎదురెదురుగా లేవు. రాలిన ఆకు తొడిమ అడుగున గుంట ఉంది, బాబు అందులో పెన్సిల్ మొన పెట్టి చూశాడు. సూదులు ఒక్కొక్కటిగా ఉన్నాయి, దొర్లుతున్నాయి, కొమ్మ గరగరగా ఉంది. కానీ పెద్ద చెట్టు కొమ్మ మీద ప్రతి మొగ్గ దగ్గరా ఒక ఉంగరం ఉంది! బెత్తెడు కొమ్మకి ఐదేళ్ళా?

జవాబు 1 రాసినవారే

బాగా పట్టుకున్నారమ్మా. మీది ప్లేన్, దాని మీద నేను చెప్పిన లెక్క కుదరదు. ప్లేన్‌కి ప్రతి ఆకు మొదట్లోనూ కొమ్మని చుట్టి గొట్టంలాంటి చిన్న రెక్క ఉంటుంది, అది రాలినచోటల్లా ఒక ఉంగరం మిగులుతుంది. అవి ఏళ్ళు కావు, ఆకులు. మీ సూదుల చెట్టు స్ప్రూసే. ఏళ్ళు దాని మీద లెక్కపెట్టండి. కొమ్మ చివరి నుంచి వెనక్కి వస్తే, ఒక్కో ఏటి పెరుగుదల మొదలైనచోట పాత మొగ్గ పొలుసులు గోధుమరంగు పట్టీలా అంటుకుని ఉంటాయి. సూదుల్ని వేలితో పక్కకి తీస్తే కనిపిస్తాయి. ఊలు దారం దానికి కట్టండి. ప్లేన్ కొత్త ఆకుల నూగు వసంతంలో రాలి కళ్ళకీ గొంతుకీ దురద పెడుతుంది, ఆ రోజుల్లో పాపని దాని కింద ఆకులు దులపనివ్వకండి.