అప్‌డేట్: కొత్త బుష్‌లలో క్యామ్‌షాఫ్ట్ ఎందుకు బిగిసిందో తెలిసింది

మా ట్రాక్టర్ ఇంజన్‌కు కొత్త క్యామ్ బుష్‌లు (వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టాలు) వేయించాక షాఫ్ట్ చేత్తో తిరగడం లేదని, బుష్‌లకు రీమర్ (రంధ్రాన్ని కాస్త పెద్దది చేసే పనిముట్టు) వేయించవచ్చా అని ఇంతకుముందు అడిగాను. ముందు షాఫ్ట్ వంపు చూడమన్న సలహా ఎంతో మేలు చేసింది. హనుమకొండలోని లేత్ షాపులో షాఫ్ట్‌ను వీ బ్లాకుల మీద పెట్టి, నడిమి జర్నల్‌కు (షాఫ్ట్‌లో బుష్ లోపల తిరిగే భాగానికి) డయల్ గేజ్ (సన్నని తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి నెమ్మదిగా తిప్పితే ముల్లు దాదాపు కదలలేదు కనుక ఆ అనుమానం అక్కడే తీరిపోయింది.

తర్వాత జర్నల్స్‌కు మార్కింగ్ బ్లూ (ఎక్కడ తగులుతోందో చూపే నీలి రంగు) పలుచగా పూసి, ఇంజన్ బ్లాకును నిలువుగా నిలబెట్టి షాఫ్ట్‌ను దించి, కొద్దిగా తిప్పి తీశాము. మిగతా బుష్‌లలో రంగు సమంగా అంటింది. మూడో బుష్‌లో మాత్రం ఒక అంచున, గోరంత మేర, రంగు చెరిగి లోహం మెరుస్తోంది. వేలితో తడిమితే ఆ అంచు లేచి ఉంది. బుష్ కొట్టేటప్పుడు డ్రిఫ్ట్ (బుష్‌ను లోపలికి దించే కడ్డీ) పక్కకు ఒరిగి ఉంటుందని మేస్త్రి అభిప్రాయం, నాకూ అదే సబబనిపించింది.

రీమర్ వేసి ఉంటే మంచి బుష్‌లలోనూ గ్యాప్ పెరిగి ఆయిల్ ప్రెషర్ పడిపోయేది. అందుకే ఆ అంచును మాత్రమే స్క్రేపర్‌తో గీకి, బుష్‌లోని ఆయిల్ రంధ్రాలు బ్లాకులోని వాటితో కలిశాయో లేదో సన్నని తీగ దూర్చి చూసి, అంతా డీజిల్‌తో కడిగి, ఇంజన్ ఆయిల్ పూసి ఎక్కించాము. ఇప్పుడు షాఫ్ట్ రెండు వేళ్లతో తిరుగుతోంది. మూడో బుష్‌లో గ్యాప్ 0.06 మి.మీ. వచ్చింది, అది మాన్యువల్ చెప్పిన పరిధిలోనే ఉంది. షాఫ్ట్ ముందుకు జారకుండా ఆపే త్రస్ట్ ప్లేటు బిగించాక ఎండ్ ప్లే (షాఫ్ట్ ముందుకు వెనక్కి కదిలే సందు) కొలత కూడా రాస్తాను.