కొండ ఎక్కితే ఆరిపోతున్న ఆర్వీ ఫ్రిజ్ గ్యాస్ మంట

ఈ అక్టోబరులో మా ఆవిడా నేనూ ఆర్వీలో (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండి) కొలరాడో కొండల మీదుగా యూటా ఎడారికి వచ్చాం. ఫ్రిజ్ కరెంటు మీదా, ప్రొపేన్ గ్యాస్ మీదా నడిచే రకం, పన్నెండేళ్ల పాతది. సిల్వర్టన్‌లో (9,318 అడుగులు) రాత్రి ఆగితే పావుగంటకే గ్యాస్ మంట ఆరిపోయింది. టకటకమని మూడుసార్లు స్పార్క్ కొట్టి, ఎర్ర లైటు వెలిగి ఊరుకుంటుంది. తెల్లారేసరికి లోపల 52 డిగ్రీల ఫారన్‌హీట్, పాలన్నీ పారబోశాం.

జనరేటర్ వేస్తే చక్కగా చల్లబడుతోంది, కానీ రాత్రంతా ఆ మోత పక్కవాళ్లు భరించాలిగా! మోయబ్‌కి (సుమారు 4,000 అడుగులు) దిగాక గ్యాస్ మీద కూడా ఏ గొడవా లేదు. స్టవ్ రెండుచోట్లా నీలం మంటతోనే వెలిగింది.

బండి ఓ పక్కకి వాలకుండా లెవెల్‌గా ఉందా అని చూశాను. బర్నర్ మీది తుప్పు పొట్టు, ఓ సాలెగూడు బ్రష్‌తో దులిపాను. గ్యాస్ ప్రెజర్ కొలిపిస్తే నీటి స్తంభం (వాటర్ కాలమ్) లెక్కలో 11 అంగుళాలు, సరిగ్గానే ఉంది. 5,500 అడుగులు దాటితే మంట ఆరిపోవచ్చని మాన్యువల్‌లో ఉంది నిజమే. కానీ నిరుడు ఇదే ఎత్తులో వారం ఉన్నాం, ఒక్కసారీ ఆరలేదు.

వచ్చే వారం అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర, దాదాపు 7,000 అడుగుల ఎత్తులో, కరెంటు లేని చోట నాలుగు రాత్రులు ఉండాలి. ఈలోగా ముందు మార్చాల్సింది బర్నర్ జెట్టా (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క), స్పార్క్ ఎలక్ట్రోడా (మంట అంటించే నిప్పురవ్వ కొట్టే కడ్డీ)?