ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్‌కి బలం కాళ్ల నుంచా, చేతి నుంచా?

కట్‌బంతి_కష్టాలు:
నలభై దాటాక టేబుల్ టెన్నిస్ (టీటీ) మొదలుపెట్టాను, ఆఫీసయ్యాక క్లబ్బులో ఆడతాను. ఎదుటివాళ్లు కట్ చేసిన, అంటే వెనక్కి తిరిగేలా కోసి పంపిన బంతిని ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు తిరిగేలా పైకి రాసి లేపబోతే నెట్‌లో పడుతోంది. క్లబ్బులో ఒక సీనియర్ “చెయ్యి ఊపకు, కాళ్లతో కొట్టు” అంటారు. ఇంకొకాయన “ముందు చెయ్యి కుదరనీ, కాళ్ల సంగతి తర్వాత” అంటారు. ఎవరి మాట వినాలి?

మల్టీబాల్_మాస్టర్:
కాళ్ల నుంచే. మోకాళ్లు వంచాల్సిన చోట చాలామంది నడుం వంచుతారు. దాంతో తల ముందుకు పోతుంది, బ్యాట్ బంతి కిందికి దిగదు. మీరు కుడిచేతివారైతే కుడిపాదం కొంచెం వెనక ఉంచండి, కాళ్లు భుజాలకన్నా ఎడంగా పెట్టండి. బ్యాట్ వెనక్కి తీసేటప్పుడు బరువంతా కుడికాలి మీదికి రావాలి. అక్కడి నుంచి నేలను తన్ని, నడుము తిప్పి, ఆ తర్వాతే చెయ్యి విసరాలి.

ఒక పరీక్ష చెబుతాను. ప్యాంటు కుడిజేబులో ఒక బంతి వేసుకోండి. బ్యాట్‌తో పాటు ఆ జేబు కూడా వెనక్కి వెళ్లాలి, కొట్టాక టేబుల్ వైపు తిరగాలి. జేబు కదలకుండానే షాట్ వెళ్లిందంటే పనంతా భుజమే చేసినట్టు. అలాగే ఆడుతూ పోతే ఆ భుజం ఎన్నాళ్లో నిలవదు.

పాతబ్లాకర్:
మాస్టర్ గారూ, బంతి బరువు 2.7 గ్రాములు. దానికి తొడల బలం దేనికండీ? టేబుల్ పొడవు 2.74 మీటర్లే. దగ్గర నిలబడి ఆడేవాడికి ఒళ్లంతా తిప్పే టైమ్ ఎక్కడ? జపాన్ అమ్మాయి మీమా ఇటో ఆట చూడండి. బంతి ఇలా లేవగానే చిన్న ఊపుతో పంపేస్తుంది. టోక్యో ఒలింపిక్స్ మిక్స్‌డ్ డబుల్స్‌లో మిజుతానితో కలిసి స్వర్ణం గెలిచింది. మన ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్‌కి పింపుల్స్ (బొడిపెలు పైకుండే) రబ్బరు వాడుతుంది, టేబుల్‌ని అంటిపెట్టుకునే ఆడి పారిస్‌లో చివరి 16 దాకా వెళ్లింది. నడుము తిప్పి ఒక బంతి గట్టిగా కొట్టి, అది తిరిగొస్తే అలాగే నిలబడిపోయేవాళ్లని మా క్లబ్బులో రోజూ చూస్తున్నా.

నిజాంపేట్_లెఫ్టీ:
పొలంలో గడ్డపార వేసేవాళ్లని చూడండి. భుజంతో వేస్తే గంటలో కూలబడతారు.

మల్టీబాల్_మాస్టర్:
బంతి తేలికే అండి, ఎవరు కాదన్నారు? వేగం అందుకోవాల్సింది చెయ్యి, బ్యాట్. ఆ బరువును భుజం ఒక్కటే మోయాలా అన్నదే నా ప్రశ్న.

పైగా ఆట మారిపోయింది. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది. 2008లో స్పీడ్ గ్లూ, అంటే బంతి వేగం పెరగడానికి బ్యాట్ రబ్బరుకి పూసే జిగురు, నిషేధించారు. 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చింది, స్పిన్ ఇంకా తగ్గింది. అప్పట్లో గ్లూ ఇచ్చిన వేగం ఇప్పుడు ఒంట్లోంచి రావాలి. ఇటో ఊపు చిన్నదే, కానీ ఆమె మోకాళ్లు ఎంత వంగి ఉంటాయో చూశారా?

పాతబ్లాకర్:
2.7 గ్రాములకి జవాబు రాలేదు.

హిప్‌టర్న్:
వచ్చింది సార్, చేతి బరువు అన్నారుగా. మీరిద్దరూ వేర్వేరు షాట్ల గురించి మాట్లాడుతున్నారు. కట్ బంతిని లేపాలంటే కాళ్లు కావాలి. వేగంగా వచ్చిన బంతిని టేబుల్ దగ్గర బ్లాక్ చేయడానికి అంత అక్కర్లేదు. బ్యాక్‌హ్యాండ్‌లో అయితే మోచేయి, మణికట్టే ఎక్కువ పని చేస్తాయి.

పాతబ్లాకర్:
మాస్టర్ గారికి షాట్‌తో పనిలేదు, కాళ్లు ఒక్కటే కనిపిస్తాయి. మా అబ్బాయిని ఒక అకాడమీలో వేశాను. నెలల తరబడి గుంజీలు, బాతు నడక, గోడవైపు తిరిగి బంతి లేకుండా బ్యాట్ ఊపే షాడో ప్రాక్టీస్. పదేళ్ల పిల్లాడు మోకాలు పట్టుకుని ఇంటికొచ్చేవాడు. అడిగితే “పవర్ కాళ్లలోంచే వస్తుంది సార్” అని ఇదే పాఠం. చివరికి బ్యాట్ అటక మీద పెట్టేశాడు. చైనా ఛాంపియన్ మా లాంగ్ అంతటివాడే 2019లో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు.

మల్టీబాల్_మాస్టర్:
చేయించుకుని వచ్చి టోక్యోలో సింగిల్స్ స్వర్ణం మళ్లీ గెలిచాడు. ఎవరో పిల్లలకి బాతు నడక పెడితే ఆ కోపం నా మీద చూపిస్తే ఎలా? నేనెప్పుడైనా అది చేయించమన్నానా? నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు తొమ్మిదేళ్ల పిల్లలకి వేలకు వేలు పోసి ఫాస్ట్ రబ్బర్లు కొంటున్నారు. బంతి దానంతటదే ఎగిరిపోతుంటే ఆ పిల్లలు నడుము తిప్పడం ఎప్పుడు నేర్చుకుంటారు?

పాతబ్లాకర్:
కోపం మీ మీద కాదు. అకాడమీలో రెండు టేబుళ్లు, బ్యాచ్‌లో ముప్ఫై మంది. మిగతావాళ్లని ఎక్కడ నిలబెట్టాలో తెలియక షాడో చేయించారు, దానికి ఫుట్‌వర్క్ అని పేరు పెట్టారు. ఫీజు మాత్రం టేబుల్ మీద ఆడేవాడికీ, గోడ దగ్గర ఊపేవాడికీ ఒకటే. నా బాధ అదీ. పిల్లాడికి బంతి తగిలితేనే కదండీ ఆట మీద ఇష్టం కలిగేది?

నిజాంపేట్_లెఫ్టీ:
ఇది ముందే చెప్పి ఉంటే పొద్దుటి నుంచీ గ్రాములు లెక్కపెట్టే పని తప్పేది కదన్నా.

మల్టీబాల్_మాస్టర్:
ఇందులో మీతో నాకు గొడవ లేదు. టేబుల్ ఖాళీ లేక చేయించే షాడో శిక్షణ కాదు. కానీ చెయ్యి ముందు, కాళ్లు తర్వాత అంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఎదురుగా ఒకరు బంతులు అందిస్తుంటే, కొట్టే మొదటి బంతి నుంచే మోకాలు వంగాలి. రెండూ కలిపే నేర్పాలి, అదీ టేబుల్ దగ్గరే.

పాతబ్లాకర్:
అలా నేర్పేచోట బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు?

మల్టీబాల్_మాస్టర్:
నా దగ్గర టేబుల్‌కి నలుగురు. ఇద్దరు ఆడతారు, ఒకరు బంతులు ఏరతారు, ఒకరు పక్కన నిలబడి ఆడేవాళ్ల కాళ్లు గమనిస్తారు. అంతకు మించి చేర్చుకోను, అందుకే ఫీజు ఎక్కువ. అది ఇవ్వలేని పిల్లలు బయటే ఉండిపోతున్నారు. దానికి నా దగ్గరా జవాబు లేదు.

కట్‌బంతి_కష్టాలు:
జేబులో బంతి వేసుకుని ఆడాను. కట్ బంతి నెట్ దాటుతోంది. కానీ రెండో బంతికి లేట్ అవుతున్నా.

పాతబ్లాకర్:
ఊపు సగానికి తగ్గించండి. కొట్టాక బ్యాట్ నుదుటి దగ్గరే ఆగాలి, ఎడమ భుజం దాటి పోకూడదు.

మల్టీబాల్_మాస్టర్:
అవును, తగ్గించండి. మోకాళ్లు మాత్రం నిటారుగా చేయకండి.