బ్రేక్‌పాయింట్ పెట్టగానే సీరియల్ పోర్టులో బైట్లు మాయమవుతున్నాయి (ఎస్టీఎం32, మోడ్‌బస్)

కాశీబుగ్గ_బోర్డులు

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. ఇక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీలకు చిన్న చిన్న కంట్రోల్ బోర్డులు చేసి ఇస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది డ్రయ్యర్ గదికి సంబంధించిన పని. గది బయట టెంపరేచర్ కంట్రోలర్ ఉంది, దానికి ఆర్‌ఎస్-485 (రెండు తీగల సీరియల్) పోర్టు ఉంది. నా బోర్డు మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో దాన్ని అడిగి, వేడి ఎంతుందో తెర మీద చూపాలి. హద్దు దాటితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ రిలే వేయాలి. పిక్క కొట్టాక పప్పు ఆ గదిలోనే ఆరి పొట్టు వదులవుతుంది. మాడిందంటే గ్రేడు పడిపోతుంది, రేటు పడిపోతుంది. అందుకే రీడింగ్ తప్పకూడదని నా పట్టుదల.

బోర్డు బ్లూ పిల్, చిప్ ఎస్టీఎం32ఎఫ్103. యూసార్ట్2కి (చిప్‌లోని సీరియల్ పోర్టు) మ్యాక్స్485 మాడ్యూల్ కలిపాను. 9600 బాడ్, 8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. డీబగ్గింగ్‌కి ఎస్టీ-లింక్, ఓపెన్‌ఓసీడీ, వీఎస్ కోడ్‌లో జీడీబీ. కోడ్ హెచ్ఏఎల్ లైబ్రరీతో రాసింది, ఇంటరప్ట్ పద్ధతిలో ఒక్కో బైట్ తీసుకుంటుంది.

8 బైట్ల ప్రశ్న పంపితే 7 బైట్ల జవాబు రావాలి. మామూలుగా వస్తోంది. కానీ ఉండుండి ఒకసారి టైమౌట్, ఇంకోసారి సీఆర్‌సీ (జవాబు చెడిందో లేదో తేల్చే సరిచూపు అంకె) తప్పు. ఎందుకో పట్టుకుందామని రిసీవ్ కాల్‌బ్యాక్‌లో (బైట్ రాగానే హెచ్ఏఎల్ పిలిచే నా ఫంక్షన్) బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగే చోటు) పెట్టాను. అక్కడి నుంచి అసలు సమస్య పక్కకు పోయి కొత్తవి మొదలయ్యాయి. ఆగిన చోటు నుంచి కంటిన్యూ కొడితే 2 బైట్లే కనిపిస్తాయి, మిగతా 5 రావు. ఆ తర్వాత రీసెట్ చేసేదాకా ఒక్క బైట్ కూడా రాదు. పోనీ ఓవర్‌రన్ (ముందు బైట్ చదవకముందే తర్వాతిది వచ్చి పడడం) అయిందేమోనని పెరిఫెరల్ రిజిస్టర్ల కిటికీ తెరిచి స్టెప్ చేస్తుంటే దాని గుర్తైన ఓఆర్ఈ బిట్ సున్నానే చూపిస్తోంది, పైగా వచ్చిన ఆ 2 బైట్లలో ఒకటి కూడా పోతోంది. చిప్ నకిలీదా, ఎస్టీ-లింక్ నకిలీదా? బుర్ర వేడెక్కిపోయింది. ఎవరైనా దారి చూపండి.

మూడులాంతర్ల_మాస్టారు

తమ్ముడూ, చిప్‌నీ ఎస్టీ-లింక్‌నీ అనుమానించకు. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ అసలు సిసలు చిప్ మీద కూడా అచ్చం ఇలాగే వస్తాయి.

డీబగ్గర్ ఆపేది ప్రాసెసర్‌ని. తీగ మీద నడిచే మాటని కాదు. నువ్వు బ్రేక్‌పాయింట్ పెట్టిన సంగతి అవతలి కంట్రోలర్‌కి తెలియదు, దాని 7 బైట్లూ అది పంపేసి ఊరుకుంటుంది. 9600 బాడ్‌లో స్టార్ట్, స్టాప్ బిట్లు కలుపుకుని బైట్‌కి 10 బిట్లు. అంటే సెకనుకి 960 బైట్లు, ఒక్కో దానికి 1.04 మిల్లీసెకన్లు. జవాబు మొత్తం ఏడున్నర మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది. నువ్వు మౌస్ కదిపేలోగా అంతా ముగిసింది.

ఇక ఆ 2 లెక్క. ఎఫ్103 యూసార్ట్‌లో ఫిఫో (బైట్లు వరసలో ఆగే చోటు) లేదు. ఒక డేటా రిజిస్టర్, దాని వెనక ఒక షిఫ్ట్ రిజిస్టర్, అంతే. మొదటి బైట్‌ని హెచ్ఏఎల్ చదివి నీ కాల్‌బ్యాక్‌ని పిలిచింది, అక్కడ ఆగావు. రెండోది వచ్చి డేటా రిజిస్టర్‌లో కూర్చుంది. మూడోదానికి చోటు లేదు, ఓవర్‌రన్. ఆ తర్వాతివన్నీ షిఫ్ట్ రిజిస్టర్‌లో ఒకదాని మీద ఒకటి పడి పోయాయి. కంటిన్యూ కొడితే దక్కేది రెండోది ఒక్కటే. ఆ వెంటనే హెచ్ఏఎల్ ఓఆర్ఈ చూసి రిసెప్షన్‌ని పూర్తిగా ఆపేసి ఎర్రర్ కాల్‌బ్యాక్‌ని పిలుస్తుంది. అందులో మళ్లీ రిసీవ్ మొదలుపెట్టకపోతే రీసెట్ దాకా నిశ్శబ్దమే. ఆ కాల్‌బ్యాక్ తప్పనిసరిగా రాసుకో. రేపు ఫ్యాక్టరీలో మోటారు స్టార్ట్ అయి లైన్‌లో గోల పుట్టి నిజంగానే ఒక బైట్ చెడినా నీ బోర్డు మూగబోకూడదు.

రిజిస్టర్ల కిటికీ సంగతి ఇంకా ముఖ్యం. ఈ చిప్‌లో డేటా రిజిస్టర్‌ని చదవడమంటేనే బైట్‌ని తీసేసుకోవడం. ముందు స్టేటస్, తర్వాత డేటా చదివితే ఓఆర్ఈ కూడా చెరిగిపోతుంది. చదివింది నీ ప్రోగ్రామా, డీబగ్గరా అని యూసార్ట్ చూడదు. నువ్వు ఆగిన ప్రతిసారీ ఆ కిటికీ స్టేటస్ రిజిస్టర్‌నీ, దాని పక్కనే ఉన్న డేటా రిజిస్టర్‌నీ వరసగా చదువుతుంది. సాక్ష్యం చెరిపేసి నీకు సున్నా చూపిస్తుంది. చదివితే మారిపోయే రిజిస్టర్లు ఏవో ఎస్‌వీడీ ఫైల్‌లో (చిప్ రిజిస్టర్ల పట్టిక) గుర్తు పెట్టే వీలుంది గానీ ఆ వివరం అందరూ నింపరు. కాబట్టి సీరియల్ పని చేసేటప్పుడు ఆ కిటికీలో యూసార్ట్ వరసని మూసి ఉంచు.

ఇంకొకటి. ప్రాసెసర్ ఆగితే సిస్‌టిక్ (మిల్లీసెకన్లు లెక్కపెట్టే టైమర్) కూడా ఆగుతుంది. అంటే నువ్వు టీ తాగి వచ్చినా నీ ప్రోగ్రాం లెక్కలో ఒక మిల్లీసెకను కూడా గడవదు. బయట మాత్రం గడిచింది. మోడ్‌బస్ ఫ్రేమ్ (ఒక పూర్తి ప్రశ్న లేదా జవాబు) ముగిసిందని చెప్పే 3.5 అక్షరాల నిశ్శబ్దాన్ని టిమ్3 లాంటి టైమర్‌తో కొలుస్తుంటే అది వేరుగా నడుస్తూనే ఉంటుంది. టైమర్లనీ వాచ్‌డాగ్‌లనీ (ప్రోగ్రాం ఇరుక్కుంటే చిప్‌ని రీసెట్ చేసేవి) ఆపడానికి డీబగ్ కంట్రోల్ రిజిస్టర్‌లో బిట్లున్నాయి. వాచ్‌డాగ్ బిట్లను ఓపెన్‌ఓసీడీ వాళ్ల ఎఫ్1 ఫైలే వేసేస్తుంది, టైమర్ల బిట్లు నువ్వే వేసుకోవాలి. యూసార్ట్‌కి అలాంటి బిట్టే లేదు.

ఏం చేయాలంటే, బైట్ దగ్గర ఆగకు, ఫ్రేమ్ అయ్యాక ఆగు. నీ బోర్డు మాస్టర్, అది నీ అదృష్టం. నువ్వు అడిగితేనే అవతలివాడు మాట్లాడతాడు. 7 బైట్లూ చేరి సీఆర్‌సీ చూసే చోట బ్రేక్‌పాయింట్ పెట్టుకుంటే ఎంతసేపు ఆగినా ఏమీ పోదు. అందరికీ ఈ సుఖం ఉండదు. ధర్మకాటాల ఇండికేటర్ల మీద నేను చాలాకాలం పని చేశాను. చాలావరకు అవి ఎవరూ అడక్కుండానే బరువుని ఆపకుండా పంపుతూనే ఉంటాయి, ఆగడానికి సందే దొరకదు.

దానికన్నా గట్టి మార్గం డీఎంఏ, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా బైట్లను ర్యామ్‌లోకి చేర్చే భాగం. యూసార్ట్2 రిసీవ్‌కి డీఎంఏ1లో 6వ ఛానల్. సర్క్యులర్ మోడ్‌లో 64 బైట్ల బఫర్ ఇచ్చి, లైన్ ఖాళీ అయినప్పుడు వచ్చే ఐడిల్ ఇంటరప్ట్‌తో ఫ్రేమ్ ముగిసిందని తెలుసుకో. హెచ్ఏఎల్‌లో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. ప్రాసెసర్ ఆగినా డీఎంఏ ఆగదు, బైట్లు వచ్చి ర్యామ్‌లో పడుతూనే ఉంటాయి. ర్యామ్‌ని డీబగ్గర్ వందసార్లు చదివినా ఏమీ చెరగదు.

నీ అసలు సమస్య ఉండుండి వచ్చేది కాబట్టి, దానికి బ్రేక్‌పాయింట్ కన్నా లాగ్ నయం. ర్యామ్‌లో ఒక రింగ్ బఫర్ పెట్టు. ప్రతి బైట్‌తో పాటు డీడబ్ల్యూటీ సైకిల్ కౌంటర్ (ప్రాసెసర్ క్లాక్ సైకిళ్లను లెక్కపెట్టేది) విలువ కూడా రాయి. 72 మెగాహెర్ట్జ్‌లో అది 59 సెకన్లకు పైగా తిరగకుండా లెక్కిస్తుంది, నీకు చాలు. ప్రతి బైట్‌కీ సమయం రాయాలి కాబట్టి ఇప్పటికి బైట్‌కో ఇంటరప్ట్ పద్ధతినే ఉంచుకో, డీఎంఏ తర్వాత పెట్టుకోవచ్చు. మ్యాక్స్485ని పంపే స్థితిలో పెట్టే డీఈ పిన్ ఎత్తినప్పుడు, దించినప్పుడు కూడా ఒక్కో గుర్తు వేయి. సీఆర్‌సీ తప్పిన చోటా, టైమౌట్ చోటా బ్రేక్‌పాయింట్ పెట్టి వదిలెయ్యి. ఆగినప్పుడు బఫర్ తెరిచి చదువుకో. జీడీబీలో దారిలో ప్రింట్ చేసి సాగిపోయే డీప్రింట్‌ఎఫ్ ఉంది కదా అని బైట్ హ్యాండ్లర్‌లో పెట్టకు. మామూలుగా అది కూడా ప్రాసెసర్‌ని ఒక క్షణం ఆపి, మళ్లీ వదిలే పద్ధతే. ఆ క్షణం 1.04 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ కావచ్చు.

చివరిది, దయచేసి పట్టించుకో. పప్పు ఉన్న గది మీద డీబగ్గర్ పెట్టొద్దు. నువ్వు ఆపినప్పుడు రిలే ఏ స్థితిలో ఉంటే అలాగే ఉండిపోతుంది. వేడి పెరుగుతున్నా ఫ్యాన్ తిరగదు. కంట్రోలర్ ఒకటి విడిగా తెచ్చి బల్ల మీద పెట్టుకో, లేదా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-485 పెట్టి పైథాన్‌తో స్లేవ్ (జవాబిచ్చే వైపు) రాసుకో.

నాగావళి_ఒడ్డు

మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. అన్నా, ఇంకొక యూఎస్‌బీ-485 అడాప్టర్‌ని ఏ, బీ తీగలకు కలిపి, పంపడం లేకుండా వినడానికి మాత్రమే పెట్టు. ప్రశ్న, జవాబు రెండూ వినిపిస్తాయి. తీగ మీద 7 బైట్లూ ఉండి నీ ర్యామ్‌లో లేకపోతే తప్పు బోర్డులో ఉన్నట్టు. తీగ మీదే లేకపోతే కంట్రోలర్‌లోనో వైరింగ్‌లోనో వెతకాలి. ఉబుంటు 22.04 వాడుతుంటే సీహెచ్340 అడాప్టర్ పెట్టగానే పోర్టు కనబడి మాయమవుతుంది. బ్రెయిలీ పరికరమనుకుని బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం దాన్ని పట్టేసుకుంటుంది. నీకు అది అవసరం లేకపోతే తీసెయ్.

నేను లినక్స్ కెర్నెల్ వైపు పని చేస్తాను. మా దగ్గర కేజీడీబీలో (కెర్నెల్‌కి వాడే డీబగ్గర్) డీబగ్గర్ మాటే సీరియల్ తీగ మీద నడుస్తుంది. ప్యాకెట్ $తో మొదలై #తో ముగుస్తుంది, వెనక 2 అంకెల చెక్‌సమ్, అందిందని అవతల నుంచి + గుర్తు. కన్సోల్ అక్షరాలు ఈ ప్యాకెట్ల మధ్యలో దూరితే తలనొప్పి, అందుకే ఏజెంట్-ప్రాక్సీ అనే ప్రోగ్రాంతో రెంటినీ విడదీస్తాం. నీకు ఎస్టీ-లింక్ వేరే తీగల మీద ఉంది కాబట్టి ఈ బాధ లేదు. లాగ్‌కి యూసార్ట్1 వాడుకో, మోడ్‌బస్ పోర్టులోకి మాత్రం ప్రింట్ మాటలు పోనివ్వకు.

కాశీబుగ్గ_బోర్డులు

మాస్టారూ, దొరికింది! విడి కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టి, మీరు చెప్పినట్టే ర్యామ్ లాగ్ పెట్టాను. సీఆర్‌సీ తప్పిన చోట ఆగినప్పుడు చూస్తే బఫర్‌లో జవాబు తోక మాత్రమే ఉంది: ముందొక చెత్త బైట్, వెనక చివరి 3 బైట్లు సరిగ్గా ఉన్నాయి. నాగావళి తమ్ముడు చెప్పిన అడాప్టర్‌లో మాత్రం 7 బైట్లూ ఉన్నాయి. సైకిల్ లెక్క చూస్తే డీఈ పిన్ దిగిన గుర్తు, ఆ చెత్త బైట్ ఒకే చోట ఉన్నాయి. ప్రశ్న పోయాక డీఈని దించే పని మెయిన్ లూప్‌లో ఉంది. అదే సమయానికి లూప్ ఓఎల్ఈడీ తెర గీస్తోంది. టైమౌట్ వచ్చిన చోట్ల అయితే జవాబు మొత్తం అయ్యాకే డీఈ దిగింది.

దించే పనిని ట్రాన్స్‌మిట్ పూర్తయిన కాల్‌బ్యాక్‌లోకి మార్చాలనుకుంటున్నాను. చివరి బైట్ తెగదు కదా?

మూడులాంతర్ల_మాస్టారు

శభాష్. తెర మొత్తం గీయడానికి 1024 బైట్లు, ఐ2సీ 100 కిలోహెర్ట్జ్‌లో 90 మిల్లీసెకన్లకు పైనే. అంతసేపు డీఈ ఎత్తి ఉంటే, దానికే కలిపి ఉన్న ఆర్ఈ కూడా ఎత్తే ఉంటుంది, వినే చెవి మూసుకున్నట్టే.

తెగదు, మార్చెయ్. హెచ్ఏఎల్ ఇంటరప్ట్ పద్ధతిలో ఆ కాల్‌బ్యాక్ టీసీ బిట్ మీద వస్తుంది, అంటే స్టాప్ బిట్ కూడా బయటికి వెళ్లాకే. టీఎక్స్ఈ (డేటా రిజిస్టర్ ఖాళీ అయిన గుర్తు) మీద దించితే మాత్రం చివరి బైట్ ఇంకా షిఫ్ట్ రిజిస్టర్‌లోనే ఉంటుంది, అది తెగుతుంది. ఆర్ఈ ఎత్తి ఉన్నంతసేపు మ్యాక్స్485 ఆర్ఓ పిన్ గాలిలో ఉంటుంది కాబట్టి పీఏ3కి (యూసార్ట్2 రిసీవ్ పిన్) పుల్-అప్ కూడా పెట్టు, ఉత్తుత్తి స్టార్ట్ బిట్లు రావు. డీఈ ఎత్తిన వరసకీ, దించిన వరసకీ మధ్యలో బ్రేక్‌పాయింట్ పెట్టకు. లైన్‌ని నీ బోర్డే పట్టుకుని కూర్చుంటుంది, కంట్రోలర్ జవాబు చెప్పబోయినా రెండు డ్రైవర్లూ ఢీకొంటాయి.

ఇదయ్యాక డీఎంఏకి మారి, లాగ్‌ని తీసెయ్యకుండా అలాగే ఉంచి బల్ల మీద రాత్రంతా నడవనీ. తెల్లారాక సీఆర్‌సీ తప్పుల లెక్క సున్నా ఉంటే బోర్డుని గదికి తీసుకెళ్లు.