సైరన్ తర్వాత చెవిలో హోరు: ఏ ఇయర్‌ప్లగ్ మంచిది?
నెల్లూరులో ఫైర్‌మన్‌గా చేస్తున్నాను, వయసు 47. అంతకుముందు ఆర్మీలో ఆర్టిలరీ (ఫిరంగి దళం). 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ 155 ఎంఎం గన్ మీద పనిచేశాను. ఎడమ చెవి అప్పటినుంచే కాస్త తేడా.

ఆరు నెలలుగా సైరన్ మోగిన ప్రతిసారీ చెవిలో కీచురాయి దూరినట్టు ఒకటే మోత. రెండు రోజులు వదలదు. రాత్రిళ్లు మరీ ఎక్కువ, ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుంటేనే నిద్ర. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గ్రాఫ్) ఎడమ వైపు 4000 హెర్ట్జ్ దగ్గర గీత 55 డెసిబెల్స్‌కి పడిపోయింది, అంటే కీచు శబ్దాలు ఆ చెవికి బాగా తక్కువగా వినిపిస్తున్నాయి. నరం దెబ్బతింది, ఇక శబ్దం తగలకుండా చూసుకోమన్నారు డాక్టరు గారు. ఆ మాట ఫైరింజన్‌లో కూర్చునేవాడికి చెప్పడం తేలికే!

నెల రోజులు మాత్రలు వాడాను, తేడా లేదు. దూది పెట్టాను, దండగ. మెడికల్ షాపులో దొరికే పసుపు ఫోమ్ ప్లగ్‌లు పెడితే హోరు తగ్గింది కానీ, మొన్న గడ్డివామి మంటల దగ్గర పంపు మీదున్న అతను "ప్రెషర్ పెంచనా" అని మూడుసార్లు అరిచినా నాకు వినపడలేదు. ఆ రోజే తీసేశాను.

సైరన్ మోత తగ్గించి, మనిషి మాట, వాకీటాకీ మాత్రం వినిపించే ఇయర్‌ప్లగ్ మీలో ఎవరైనా డ్యూటీలో వాడుతుంటే, అది ఏ రకమో చెప్పగలరా?