పాత మానిటర్ ఉంచుకుని కొత్త సీపీయూ కట్టుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనాలా?

కీబోర్డు_టీచరమ్మ:

నమస్కారం. 2012లో కొన్న మా ఇంటి డబ్బా ఈమధ్య పూర్తిగా పడకేసింది. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. దాన్ని బాగు చేయించడం దండగని అందరూ అంటున్నారు. విడిభాగాలు కొని మేమే బిగించుకుందామని ఆలోచన.

నా పని టైపింగు, మార్కుల షీట్లు, ఆన్‌లైన్ క్లాసులు. మా వాడికి పదిహేనేళ్లు. వాడికి వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, ఎప్పుడైనా జీటీఏ 5. గ్రాఫిక్స్ కార్డు లేనిది అసలు కంప్యూటరే కాదంటాడు. నా బడ్జెట్‌లో కార్డు కొంటే ప్రాసెసర్‌కి చిల్లర మిగులుతుంది.

పాతవాటిలో 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు రెండు, 1 టీబీ హార్డ్ డిస్కు, క్యాబినెట్, దాంతోపాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), 1366×768 మానిటర్ ఉన్నాయి. మానిటర్ వెనక నీలం వీజీఏ పోర్టు ఒక్కటే. వీటిలో ఏవి పనికొస్తాయి?

స్క్రూడ్రైవర్_మావయ్య:

మీ వాడి మాట సగం నిజమండీ. కార్డు లేకపోతే బొమ్మే రాని ప్రాసెసర్లున్నాయి, సొంతంగా బొమ్మ చూపించేవీ ఉన్నాయి. మీకు రెండో రకం చాలు. నేనైతే రైజెన్ 5 5600జి తీసుకోమంటాను. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్. ఫ్యాన్ అట్టపెట్టెలోనే వస్తుంది, దాని అడుగున పేస్టు కూడా పూసే ఉంటుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ హాయిగా ఆడుకోవచ్చు. జీటీఏ 5కి సెట్టింగులు కొంచెం దించాలి. ఫుల్ హెచ్‌డీ తెరతో పోలిస్తే మీ పాత మానిటర్‌లో చుక్కలు దాదాపు సగమే, కాబట్టి ఆ చిన్న గ్రాఫిక్స్ మీద బరువూ అంత తగ్గుతుంది. మీకు అదీ కలిసొచ్చింది.

డీడీఆర్3 స్టిక్కులు పక్కన పెట్టేయండి. గాటు ఉన్న చోటు వేరు, డీడీఆర్4 స్లాటులో దిగవు. కొత్తవి 8 జీబీవి రెండు, 3200 వేగంవి, జతగా అమ్మేవి కొనండి. 16 జీబీది ఒక్కటే చాలదా అని అడక్కండి, ఆ తప్పు నేను చేసే ఉన్నాను. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామునే వాడుకుంటుంది. నాకోసం ఇదే ప్రాసెసర్ బిగించుకున్నప్పుడు "తర్వాత పెంచుకుందాంలే" అని 16 జీబీ స్టిక్కు ఒక్కటే గుచ్చాను. జీటీఏలో కారు మలుపు తిరిగితే చాలు, బొమ్మ అతుకులు అతుకులుగా జారేది. తెర మూలన సెకనుకి వచ్చే ఫ్రేముల అంకె నలభై దగ్గర కొట్టుకునేది. రెండు నెలలు ఆ ప్రాసెసర్‌ని తిట్టుకున్నాను. ఒకరోజు మా తమ్ముడి దగ్గర అలాంటిదే ఇంకో స్టిక్కు తెచ్చి పక్కన గుచ్చితే, అదే మలుపులో, అవే సెట్టింగుల్లో అంకె అరవై దాటింది. రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానెల్ మహిమ. బోర్డుకి నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి.

మదర్‌బోర్డు ఏ520 రకం చాలు. ఆ రకంలో వెనకాల వీజీఏ పోర్టు ఉన్న మోడళ్లు దొరుకుతాయి, ఫొటో చూసి మరీ ఎంచుకోండి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులకి ఆ నీలం పోర్టు ఉండదు. కార్డు కొన్నారంటే కన్వర్టరో కొత్త మానిటరో తప్పదు, మీ వాడు ఆ ముక్క చెప్పి ఉండడు. ఏ520 బోర్డులు ఈ ప్రాసెసర్ కంటే ముందొచ్చాయి. అందుకని బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉందా అని అమ్మేవాళ్లని అడిగాకే కొనండి.

ఇక ఎస్ఎంపీఎస్. పాతది వద్దు. "పనిచేస్తోంది కదా" అనకండి. నేను మొట్టమొదట కట్టింది మా బావమరిది కంప్యూటరు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిందని అందులోని ఎస్ఎంపీఎస్‌నే ఉంచేశాను. మీద 450 వాట్లని పెద్ద అక్షరాలు. మూడో నెలలో గేమ్ లోడవుతుండగా టప్‌మని చప్పుడు, కాలిన వాసన. తాను పోతూ పోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోయింది. విప్పి చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా ఉంది. అప్పుడు చదివాను స్టిక్కరు: 12 వోల్టుల లైను 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192 వాట్లే! ప్రాసెసరూ కార్డూ తినేది ప్రధానంగా ఆ లైను నుంచే, మిగతా అంకెలన్నీ అలంకారం. మీరూ మీ పాతదాని స్టిక్కరు మీద ఆ గుణకారం చేసి చూడండి. కొత్తది 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న మంచి కంపెనీది, 500 వాట్లకి తగ్గకుండా తీసుకోండి. ఇప్పటికి మీకు అందులో సగం కూడా అక్కర్లేదు, కానీ రేపు కార్డు పెడితే మళ్లీ మార్చే పని ఉండదు.

విండోస్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. పాత హార్డ్ డిస్కు ఫొటోలకి ఉంచుకోండి, కానీ విండోస్ ఎక్కించేటప్పుడు దాని వైరు పీకేయండి. లేదంటే బూట్ ఫైళ్లు వెళ్లి ఆ పాతదాంట్లో కూర్చుంటాయి. క్యాబినెట్ తుడిచి వాడుకోవచ్చు.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు:

మావయ్యా, ర్యాము, ఎస్ఎంపీఎస్ విషయంలో మీకు దండం. ప్రాసెసర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఐ3 12100ఎఫ్ వేసి, వాడిన ఆర్ఎక్స్ 580 8 జీబీ కార్డు పెడితే వేగా దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఒకటే జాగ్రత్త, 2048ఎస్‌పీ అని రాసుంటే అది పేరుకే 580, లోపల 570. ఆ అంకె లోపలి చిన్న కోర్ల లెక్క, అసలుదానికి 2304 ఉంటాయి.

టీచర్ గారూ, పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టే. ఆ సంగతి తెలియక నేను మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలో కేబుల్ గుచ్చి గంటసేపు నల్లటి తెర చూస్తూ కూర్చున్నాను. కేబుల్ కార్డుకి గుచ్చాలి.

స్క్రూడ్రైవర్_మావయ్య:

వేగంలో నువ్వే గెలిచావు బాబూ. కానీ ఆ కార్డు 2017 నాటిది. ఎవరింట్లో ఎన్నాళ్లు రాత్రింబవళ్లు తిరిగిందో తెలియదు. అది పోయిన రోజు ఎఫ్ ప్రాసెసర్‌తో టీచర్ గారి క్లాసు కూడా పోతుంది. ఆ ఇంట్లో ముందు ఆగకూడనిది క్లాసు. 5600జి మీద రేపైనా ఆర్ఎక్స్ 6600 లాంటిది పెట్టుకోవచ్చు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం వద్దు. బోర్డుతో డేటా మార్చుకోవడానికి దానికున్నవి నాలుగు లేన్లే (దారులే), ఈ ప్రాసెసరేమో ఆ దారుల పాత వేగం పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. రెండూ కలిస్తే కార్డు కుంటుతుంది.

కీబోర్డు_టీచరమ్మ:

ఇద్దరికీ ధన్యవాదాలు. మావయ్య గారి లెక్కే ఖాయం చేశాను. పాత ఎస్ఎంపీఎస్ స్టిక్కరు చూశాను, 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. గుణకారం మా వాడి చేతే చేయించాను. ఆ తర్వాత కార్డు మాట ఎత్తలేదు.

నిన్న పొద్దుటినుంచి కూర్చుని బిగించాం. మొదట బొమ్మ రాలేదు, నా గుండె జారిపోయింది. చూస్తే ఒక ర్యాము స్టిక్కు ఒక వైపే దిగింది. విరిగిపోతుందేమోనని మా వాడు మెల్లగా నొక్కాడట. గట్టిగా నొక్కితే టక్కుమంది, తెర వెలిగింది. బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యాముని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసేదాకా ర్యాము 2400 దగ్గరే ఉంది. మైన్‌క్రాఫ్ట్ వెంటనే నడిచింది. వాలరెంట్ మాత్రం వాన్ 9003 అనే ఎర్రర్ చూపించి మొండికేస్తోంది.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు:

అది సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ని లేవనిచ్చే సెట్టింగు) గొడవండీ. విండోస్ 11లో ఆ గేమ్‌కి సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే భాగం) రెండూ కావాలి. ముందు విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయాస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉందో లేదో చూడండి. ఉంటే బయాస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేయించే సెట్టింగు) ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్. లెగసీ అని ఉంటే ఏమీ ముట్టుకోకండి, సీఎస్ఎం తీసేస్తే విండోస్ లేవదు. ఇక్కడ చెప్పండి, డిస్కుని యూఈఎఫ్ఐకి తగ్గట్టు ఎలా మార్చాలో రాస్తాను.

కీబోర్డు_టీచరమ్మ:

యూఈఎఫ్ఐ అనే ఉంది. మీరు చెప్పినట్టు చేశాక గేమ్ తెరుచుకుంది. వాడు గది తలుపు వేసుకున్నాడు. పాత హార్డ్ డిస్కు ఇప్పుడే తగిలించాను, ఫొటోలన్నీ ఉన్నాయి. అందులో పాత విండోస్ ఫోల్డరు ఇంకా ఉంది, తీసేయొచ్చా?

స్క్రూడ్రైవర్_మావయ్య:

తీసేయొచ్చు. కానీ ముందు ఆ ఫొటోలు ఇంకోచోటికి కాపీ చేయండి. ఆ డిస్కుకీ 2012 నుంచి వయసు లెక్కే కదా.