ఎం9కి మొదటి లెన్స్: 35 ఎం.ఎం. కొనాలా, 50 కొనాలా?

నీలిగుమ్మం:
సెన్సార్ మార్పించిన లైకా ఎం9 బాడీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నాను. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా: లెన్స్ గుండా కాకుండా పక్కనున్న ఫైండర్ కిటికీలోంచి చూస్తాం, దాని మధ్యనున్న చిన్న ప్యాచ్‌లో కనబడే రెండు బొమ్మలు ఒకటయ్యేలా రింగు తిప్పితే ఫోకస్ కుదురుతుంది. లెన్స్ లేదు. కనీసం ఏడాది పాటు ఒక్క లెన్స్‌తోనే నెట్టుకురావాలి. తీసేవి ఇంట్లో పిల్లలు, సాయంత్రం బజారు, ఊళ్లో జాతర. కళ్లద్దాలు పెట్టుకుంటాను. మూడు సందేహాలు. 35 ఎం.ఎం. మేలా, 50 మేలా? ఎఫ్/1.4 (ఈ అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది) లేకపోతే ఇంట్లో తీయలేమంటున్నారు, ఎంతవరకు నిజం? పాత రష్యన్ జూపిటర్-8 చవగ్గా వస్తోంది, దాంతో మొదలుపెట్టొచ్చా?

దారిపక్కన:
35 తీసుకోండి. దానికి కారణం లెన్స్‌లో కన్నా వ్యూఫైండర్‌లో ఎక్కువ ఉంది. ఎం9 ఫైండర్ 0.68 రెట్లు చూపిస్తుంది. అందులో ఒక్కో లెన్స్‌కి ఫొటో హద్దు చూపే గీతల ఫ్రేమ్ ఉంటుంది. 28 ఫ్రేమ్ అంచుల దాకా పోతుంది; కళ్లద్దాలుంటే నాలుగు మూలలూ ఒకేసారి కనబడవు. 35 ఫ్రేమ్ కళ్లద్దాలతో కూడా కనబడుతుంది, దాని చుట్టూ ఇంకాస్త జాగా మిగులుతుంది. జాతరలో ఫ్రేమ్‌లోకి రాబోతున్న డప్పు మనిషిని అడుగు ముందే చూడగలుగుతారు. ఈ కెమెరా కొనేదే అందుకోసం.

రెండోది, ఫోకస్ పెట్టకుండా తీయడం. 35 మీద ఎఫ్/8 పెట్టి దూరాన్ని 2.5 మీటర్ల దగ్గర వదిలేస్తే సుమారు 1.7 నుంచి 4.9 మీటర్ల దాకా పదును ఉంటుంది. 50 మీద అదే ఎఫ్/8, అదే 2.5 మీటర్లయితే 2 నుంచి 3.3 దాకానే. కదిలే జనంలో ఈ తేడా చాలా పెద్దది. ఒక జాగ్రత్త: లెన్స్ మీద చెక్కిన డెప్త్ గీతలు (ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా పదును ఉంటుందో చూపేవి) ఫిలిం కాలపు లెక్క. 18 మెగాపిక్సెల్ ఫైలును పూర్తి సైజులో చూసుకునేవాళ్లు ఎఫ్/8 పెట్టి, గీతలు మాత్రం ఎఫ్/5.6వి చదవాలి.

పేర్లు చెప్పాలంటే జైస్ సి-బయోగాన్ 35 ఎఫ్/2.8, లేదా ఫోక్ట్‌లాండర్ కలర్-స్కోపార్ 35 ఎఫ్/2.5. రెండూ చిన్నవి. సి-బయోగాన్‌లో గోడల గీతలు వంగవు, ఎదురెండకు తట్టుకుంటుంది. స్కోపార్‌కి వేలు ఆనించే ట్యాబ్ ఉంది. వారం రోజుల్లో ట్యాబ్ ఎక్కడుందో దాన్నిబట్టే దూరం తెలిసిపోతుంది.

రెండుబొమ్మలు:
దారిపక్కన గారూ, ఫైండర్ గురించే మాట్లాడితే అది నా వైపూ చెబుతుంది. 50 ఫ్రేమ్ మధ్యలో కుదురుగా కూర్చుంటుంది, కళ్లద్దాలతో మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. 35కి హుడ్ (ఎదురు వెలుతురు పడకుండా లెన్స్ ముందు పెట్టే తొడుగు) పెట్టగానే ఫ్రేమ్ కింది కుడిమూలలో కొంత మూసుకుపోతుంది.

ఆయన అడిగినవాటిలో మొదటిది పిల్లలు. ముఖం నిండుగా రావాలంటే 35తో 0.7 మీటర్ల దాకా వెళ్లాలి. అంత దగ్గరికెళ్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. 50తో మీటరు దూరం నుంచి ముఖం ముఖంలా వస్తుంది. ఇక సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగేది 50 ఎఫ్/2ల దగ్గరే. లైకా సమ్మిక్రాన్ 50 ఎఫ్/2కి 1979లో వచ్చిన గాజు అమరికే 1994లో హుడ్ లోపలే ఉండేలా మార్చిన మోడల్‌లోనూ ఉంది. అంటే పాతది కొన్నా చిత్రం అదే. జైస్ ప్లానార్ 50 ఎఫ్/2 అంతకన్నా తక్కువకు వస్తుంది, పదునులో వెనకబడదు.

కాంతిలెక్క:
ఎఫ్/1.4 సంగతి నేను చెబుతాను. ట్యూబ్‌లైట్ ఉన్న మామూలు హాల్లో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం) 800, ఎఫ్/2 అయితే షట్టర్ 1/60 సెకను దగ్గర ఉంటుంది. ఎఫ్/2.8కి 1/30 అవుతుంది. ఐఎస్ఓ 1600కి వెళ్తే మళ్లీ 1/60. ఎం9 ఫైలు 1600లో గరుకుగా ఉంటుంది, నలుపు తెలుపులో బాగానే నిలబడుతుంది. గరిష్ఠం 2500, దాన్ని అసలు లెక్కలోకి తీసుకోకండి. కాబట్టి ఎఫ్/2 చాలు, ఎఫ్/2.8తో ఇబ్బందే అయినా అసాధ్యం కాదు.

పగలు చూడండి. ఎం9 కనీస ఐఎస్ఓ 160, షట్టర్ గరిష్ఠం 1/4000. మన ఎండలో ఎఫ్/16కి 1/160 అనుకుంటే ఎఫ్/4కి 1/2500 దాటుతుంది, ఎఫ్/2.8కి 1/5000. అంటే మిట్టమధ్యాహ్నం ఎఫ్/2.8కే షట్టర్ చాలదు. 80కి తగ్గించే సౌకర్యం ఉంది గానీ తెల్లచొక్కా మీద వివరం పోతుంది. ఎఫ్/1.4కి పెట్టిన డబ్బు పగలంతా పనికిరాకుండా ఉంటుంది, లేదా వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఫోకస్ షిఫ్ట్. ఫోక్ట్‌లాండర్ నాక్టన్ క్లాసిక్ 35 ఎఫ్/1.4 దీనికి పేరుపడింది. ఎఫ్/1.4 దగ్గర ప్యాచ్‌లో బొమ్మలు కలిసిన చోటే పదును ఉంటుంది. ఎఫ్/2.8కి మూస్తే పదును కాస్త వెనక్కి జరుగుతుంది. మూసిన అపెర్చర్‌తోనే లెన్స్ గుండా చూసే కెమెరా అయితే ఇది కనబడుతుంది. రేంజ్‌ఫైండర్‌కి లెన్స్ లోపల ఏం జరిగిందో తెలియదు. ఎఫ్/5.6 దాటితే డెప్త్ కప్పేస్తుంది. కానీ మనం ఇంట్లో ఎక్కువగా వాడేది ఎఫ్/2 నుంచి ఎఫ్/4 మధ్యే, గురి తప్పేది సరిగ్గా అక్కడే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇది తమ కంటి తప్పనుకుని కెమెరా మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. జైస్ సి-సోన్నార్ 50 ఎఫ్/1.5కీ ఇదే గుణం. రెండూ మంచి లెన్సులే, కానీ రెండో లెన్సులు.

పాతగాజు:
జూపిటర్-8 వద్దండీ. గాజు మంచిదే, కానీ దాని కదలిక కొలత వేరు. దాని మూలం జైస్ సోన్నార్, కాంటాక్స్ కెమెరాల కోసం పుట్టినది. కాంటాక్స్ వాళ్ల 50 అసలు పొడవు సుమారు 52.4 ఎం.ఎం., లైకా రేంజ్‌ఫైండర్ లెక్క 51.6 మీద నడుస్తుంది. అందుకే 39 ఎం.ఎం. స్క్రూ మౌంట్ జూపిటర్‌ని అడాప్టర్‌తో బిగిస్తే అనంతం దగ్గర సరిపోయినది మీటరు దూరంలో తప్పుతుంది. దగ్గర సరిచేయిస్తే దూరం పోతుంది. ఫిలింలో కొంత కప్పిపుచ్చుకునేది, డిజిటల్‌లో దొరికిపోతుంది.

అసలు విషయం వేరే ఉంది, అది 35, 50 తగాదా కన్నా ముఖ్యం. సెకండ్ హ్యాండ్ బాడీలో రేంజ్‌ఫైండర్ సరిగా ఉందో లేదో తేల్చే కొలబద్ద మీ మొదటి లెన్సే. ఎం9లో లైవ్ వ్యూ (లెన్స్ చూసేదాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపడం) లేదు. వెనక తెర 2.5 అంగుళాలు, 2,30,000 చుక్కలు. దాని మీద ఫోకస్ తేలదు. లెన్స్ మీదే అనుమానం ఉంటే తప్పు బాడీదో లెన్స్‌దో ఎప్పటికీ తెలియదు. అందుకే మొదటిది కచ్చితంగా గురి కలిసే ఆధునిక లెన్స్ అయి ఉండాలి. పాత గాజు మీద మోజు ఎంతున్నా దానికి రెండో వంతు. 7ఆర్టిజన్స్ వాళ్ల 50 ఎఫ్/1.1 లాంటి చౌక లెన్సులకు మనమే కామ్ (లెన్స్ వెనక, బాడీలోని రేంజ్‌ఫైండర్‌ని కదిపే భాగం) సరిచేసుకునే వీలుంది, సరే. కానీ బాడీ సరైనదని ముందే తెలిసినవాళ్లకే అది ఉపయోగం. లేకపోతే వంకర బాడీకి తగ్గట్టు లెన్స్‌ని వంకర చేస్తాం.

ఎనిమిదోమెట్టు:
ఎం9 బదులు 2006 నాటి ఎం8 దొరికితే లెక్క మారుతుందని చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. సెన్సార్ చిన్నది, అందుకే లెన్స్ పొడవు 1.33 రెట్లు పెరిగినట్టు ఉంటుంది. 28 పెడితే 37లా, 35 పెడితే 47లా కనబడుతుంది. కాబట్టి అక్కడ మొదటి లెన్స్ 28. ఇన్‌ఫ్రారెడ్‌ని సరిగా ఆపదు, నల్ల సింథటిక్ బట్ట ఊదారంగులో వస్తుంది. యూవీ-ఐఆర్ ఫిల్టర్ తప్పనిసరి, లెన్స్ బడ్జెట్లోనే దాని ధర కలుపుకోండి.

నీలిగుమ్మం:
పాతగాజు గారూ, ఆ పరీక్ష ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతారా? అమ్మేవారి దగ్గర అరగంట దొరుకుతుంది. ఆయన దగ్గర రెండు మూడు లెన్సులున్నాయట.

పాతగాజు:
రెండు లెన్సులుంటే పని సులువు. ట్రైపాడ్, స్టీలు స్కేలు, ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. స్కేలును బల్ల మీద 45 డిగ్రీల వాలులో పెట్టి, 15 సెంటీమీటర్ల గీత పక్కన నిలువుగా ఒక అగ్గిపెట్టె నిలబెట్టండి. గురి దాని అంచు మీద. దూరం మీటరు, అపెర్చర్ పూర్తిగా తెరిచి. ప్రతి ఫొటోకీ రింగు తిప్పి మళ్లీ ఫోకస్ చేయాలి: ఐదు అనంతం వైపు నుంచి వస్తూ, ఐదు దగ్గర వైపు నుంచి వస్తూ. ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పకండి, పదింటి సగటు చూడండి. తర్వాత 3 మీటర్లు. ఆఖర్న కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ మీద, రింగు అనంతం దగ్గర ఆగినప్పుడు ప్యాచ్‌లో రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయా చూడండి.

రెండు లెన్సులూ ఒకే వైపు తప్పితే బాడీ సర్దుబాటు కావాలి. ఒకటే తప్పితే ఆ లెన్స్‌ని వదిలేయండి. ప్యాచ్‌లో బొమ్మలు పక్కకి కలిసినా ఒకటి కాస్త పైకి ఉంటే అది నిలువు తేడా. ఫోకస్‌ని చెడగొట్టదు గానీ కన్ను అలసిపోతుంది, ధర తగ్గించమని అడగండి. బాడీలో లెన్స్‌కి ఆనే రేంజ్‌ఫైండర్ రోలర్‌ని మీరే అలెన్ కీతో తిప్పే ప్రయత్నం మొదటిరోజే వద్దు. అనంతం, దగ్గర దూరం వేరువేరు సర్దుబాట్లు, ఒకటి కదిలిస్తే రెండోది కదులుతుంది.

అక్కడే ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీయండి. బ్లోయర్‌తో ఊదితే పోయే మచ్చ దుమ్ము. ఎన్ని సార్లు ఊదినా పోకుండా, చుట్టూ వలయంతో కనబడే చుక్క సెన్సార్ గాజు తుప్పు. మార్చిన సెన్సార్ అంటున్నారు కాబట్టి ఆ సర్వీసు బిల్లు కూడా చూపించమనండి; ఎం9లో మొదట వచ్చిన గాజుకే ఈ రోగం.

రెండుబొమ్మలు:
పాతగాజు గారి మాట ఒప్పుకుంటాను. ఆ పరీక్షే నా వాదనకు బలం కూడా. 50 ఎఫ్/2కి మీటరు దగ్గర డెప్త్ నాలుగున్నర సెంటీమీటర్లు, 35 ఎఫ్/2కి తొమ్మిదిన్నర దాకా. బాడీలో తప్పుంటే 50 బయటపెడుతుంది, 35 దాచేస్తుంది.

దారిపక్కన:
పరీక్షకు అది నిజమే. రోజువారీ వాడకానికి తిరగేసి చూడండి. నాలుగున్నర సెంటీమీటర్లంటే పిల్లాడు తల ముందుకు వంచితే కళ్లు మసక. కొత్త చేతికి ఆ తొమ్మిదిన్నరే కావాలి. పరీక్షకు అమ్మేవారి 50 వాడుకుని, కొనేది 35 కొనొచ్చు.

తీరంగాలి:
విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే పాత లెన్స్ ఏదైనా ఫోన్ టార్చ్ వెనక నుంచి పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి చూడండి. సాలెగూడు దారాల్లా ఉంటే ఫంగస్, పొగలా సమంగా ఉంటే హేజ్. హేజ్ శుభ్రం చేయొచ్చు, ఫంగస్ కోటింగ్‌ని తినేసి ఉంటే మచ్చ పోదు. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, తేమ 40 నుంచి 50 శాతం. తోలు సంచిలో మాత్రం దాచొద్దు.

కాంతిలెక్క:
నా ఓటు మధ్యేమార్గంగా ఫోక్ట్‌లాండర్ అల్ట్రాన్ 35 ఎఫ్/2కి, 2019లో వచ్చినది. లెన్స్ 0.58 మీటర్ల దాకా వెళ్తుంది, కానీ ఎం9 రేంజ్‌ఫైండర్ 0.7 దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత ప్యాచ్‌ని నమ్మొద్దు. బాడీ తనంతట గుర్తుపట్టేందుకు మౌంట్ మీద ఉండే కోడ్ లేని లెన్స్ కాబట్టి మెనూలో లెన్స్ డిటెక్షన్‌ని మాన్యువల్‌కి మార్చి 35 ఎఫ్/2 ఎంచుకోండి, మూలల చీకటి సర్దుకుంటుంది. జైస్ పాతది కొంటే ఫోకస్ రింగు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. వదులైన ముక్కలు మార్కెట్లో చాలానే తిరుగుతున్నాయి.

రెండుబొమ్మలు:
నీలిగుమ్మం గారూ, లెన్స్ కొనకముందే తేల్చుకునే దారి ఒకటుంది. ఎం9 ముందు భాగంలో, లెన్స్ పక్కన చిన్న మీట ఉంటుంది. లెన్స్ లేకపోయినా దాన్ని కదిపితే ఒక్కో స్థానంలో ఒక్కో జత గీతలు: 28తో 90, 35తో 135, 50తో 75. బాడీ చేతికి రాగానే మీ కళ్లద్దాలతోనే, మీ హాల్లో గోడకి వీపు ఆనించి నిలబడండి. పది బై పన్నెండు గదిలో పిల్లలు రెండున్నర మీటర్ల దూరంలో ఉంటారు. ఆ దూరంలో అడ్డంగా 35కి సుమారు 2.6 మీటర్లు, 50కి 1.8 పడుతుంది. ఎం9 గీతలు మీటరు దూరానికి సరిచేసినవి, కాబట్టి అసలు ఫొటోలో గీతల బయటిది కూడా కొంచెం వస్తుంది. ఇద్దరు పిల్లలూ 50 గీతల్లో పట్టకపోతే నేను చెప్పినదంతా పక్కనపెట్టి 35 తీసుకోండి.